పరగడుపున నొక మందు, అన్నముతో నొక మందు

భద్రాచలమునకు ఎగువను తాలిపేరును, దిగువను శబరియు వచ్చి గోదావరిలో కలియు నడవిసీమలో, వానలు పట్టి జ్వరములు ముసరుకొను దినములయందు, ఆశా కార్యకర్త యొక ఇంటి ముంగిట నిలిచి, మలేరియాతో వణకుచున్న యువకునితో "తమ్ముడూ, ఇంత జావైనా తాగినాకే గోలీలు వేసుకో, ఉత్తకడుపుతో వద్దు" అని హెచ్చరించును. ఆమెయే రెండిండ్ల కవతల క్షయరోగియైన పెద్దవానితో "మామా, పొద్దున్నే ఏమీ తినకముందే వేసుకో" అని చెప్పును. ఒకే నోట వెలువడిన యీ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధములుగా తోచుటచే, వినువారిలో కొందరు రెండింటిని గూడ పాటింపక, తీరిక దొరకినప్పుడు మాత్రలను మింగి పనిలోనికి పోవుదురు. కాని ఆ రెండు మాటలును సత్యములే. మందు శరీరములో పడు పాట్లను ఒక్కసారి అడుగడుగునను పరికించినచో, ఈ వైరుధ్యము తొలగిపోవుటయే గాక, కడుపునిండ తినువారికిని అర్ధాకలితో నుండువారికిని ఒకే మాత్ర ఒకే ఫలమునీయదను గంభీరమైన విషయము గూడ బోధపడును.

మాత్ర నడిచెడి దారి

నోట వేసికొన్న మాత్ర రోగమున్న చోటికి తిన్నగా పోదు. మొదట అది జీర్ణాశయములో విచ్చి కరగవలెను. కరగినది చిన్నప్రేగుల గోడను దాటవలెను. దాటినది అచటినుండి బయలుదేరు రక్తనాళముల వెంట కాలేయమును చేరవలెను. కాలేయము విడిచిపెట్టిన భాగము మాత్రమే గుండెకు పోయి, గుండెనుండి సర్వాంగములకును పంచబడును. పిమ్మట రక్తము తిరిగి తిరిగి కాలేయమునకు వచ్చినప్పుడెల్ల కొంత కొంత మందు రూపుమారుచుండగా, మారిన దానిని మూత్రపిండములును పిత్తమును వెలుపలికి పంపివేయును.

అడవిలో నరకిన వెదురు పట్టణమును చేరులోపల రెండు చెక్‌పోస్టులను దాటవలసియుండి, ఒక్కొక్కచోట కొంత సరకును దించివేయుదురనుకొందము. పట్టణమునకు చేరినది అడవిలో ఎక్కించినంత కాదు గదా. మన దేహములో నట్టి చెక్‌పోస్టులు రెండు గలవు: ప్రేగుగోడ మొదటిది, కాలేయము రెండవది. రెండు చోట్లను కావలియున్నవి సైటోక్రోమ్ పి450 అను ఎంజైముల కుటుంబమునకు చెందినవి. బయటినుండి వచ్చిన రసాయనములను, అవి మందులైనను విషములైనను, రూపుమార్చి విసర్జనకు అనుకూలముగా చేయుటయే వాని ధర్మము. ఈ నష్టమును ముందుగానే లెక్కగట్టి వైద్యులు మోతాదును నిర్ణయింతురు. భోజనము వచ్చి ఆ లెక్కను తారుమారు చేసినప్పుడే చిక్కు పుట్టును.

భోజనము చేయు జోక్యము పలు విధములు. అది జీర్ణాశయము ఖాళీయగుటను ఆలస్యము చేయును. అచటి ఆమ్లపు ఘాటును మార్చును. కొవ్వు గలిగినదైనచో పిత్తరసమును ప్రేగులలోనికి రప్పించును. సున్నము, ఇనుము వంటి ఖనిజములు గలదైనచో మందును పట్టుకొని విడువదు. కావలి ఎంజైముల పనిని తగ్గించును లేక హెచ్చించును. దీర్ఘకాలము కొరవడినచో మందును మోసికొనిపోవు రక్తపు మాంసకృత్తులనే క్షీణింపజేయును.

కొవ్వు చేయు నుపకారము

మలేరియా మందులలో ఆర్టిమెథర్, ల్యూమిఫాంట్రిన్ అను రెంటి కలయిక ప్రపంచమునందెల్లెడల వాడుకలోనున్నది. 2013 నాటి జాతీయ మార్గదర్శకములు దీనిని ఫాల్సిపారం మలేరియాకు ఈశాన్య రాష్ట్రములలో విధించి, తక్కిన రాష్ట్రములకు ఆర్టిసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ కలయికను నిలిపినవి. ఈ ల్యూమిఫాంట్రిన్ నీటిలో కరగుట బహు దుర్లభము. కొవ్వులో మాత్రము సుఖముగా కరగును. కొవ్వు గల ఆహారము ప్రేగులలో దిగినప్పుడు పిత్తరసము వచ్చి ఆ కొవ్వును సన్నని బిందువులుగా విడదీయును. ఆ బిందువులలో చేరిన మందు వానితోపాటు ప్రేగుగోడను దాటును. ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలలో, పరగడుపున మింగినప్పటికంటె కొవ్వు మిక్కిలిగా గల భోజనముతో మింగినప్పుడు ల్యూమిఫాంట్రిన్ రక్తములో సుమారు 16 రెట్లు అధికముగా చేరినది. మాత్ర యొకటే, తూకమొకటే. దేహమునకు అందినది మాత్రము పదునారింతలు భిన్నము.

ఇందుకు విందుభోజనము అక్కరలేదు. థాయిలాండులో జరిగిన యొక పరిశోధనలో, సోయాపాలతో చేరిన 1.2 గ్రాముల కొవ్వే ఈ మందు గరిష్ఠముగా ఇంకుటలో తొంబది పాళ్లు సాధించుటకు చాలునని తేలినది. చెంచాడు నూనెలో ఇంతకు మూడు నాలుగింతల కొవ్వుండును. తరతరములుగా ఇప్పగింజలను గానుగాడి నూనె తీసికొనుచున్న ఈ సీమలోని కోయల వంటింటిలో ఆ చెంచాడు నూనె దుర్లభమైన వస్తువు కాదు. ఆ నూనెకును మందుకును గల సంబంధమును వారి భాషలో వారికి చెప్పువారుండవలెను.

వైవాక్స్ మలేరియాకు ఇచ్చు క్లోరోక్విన్, ప్రైమాక్విన్ మాత్రలను ఆహారముతో వేసికొమ్మనుటకు ముఖ్యకారణము వేరు. అవి ఖాళీ కడుపులో వికారమును, నొప్పిని పుట్టించును. మింగిన కొద్దిసేపటికే వాంతియైనచో మోతాదు వ్యర్థమగును. ప్రైమాక్విన్ కాలేయములో దాగియున్న పరాన్నజీవులను రూపుమాపుటకై 14 దినములు విడువక వాడవలసిన మందు. ఆకలితో మింగి, కడుపునొప్పికి జడిసి, నాలుగైదు దినములకే మానివేసిన వానికి కొన్ని వారములకో నెలలకో అదే జ్వరము తిరుగబెట్టుట సహజము. అనగా అన్నములేమి ఇచట రక్తపరీక్షలో కానరాకుండగనే చికిత్సను భంగపరచుచున్నది.

పరగడుపు ఏల?

క్షయ చికిత్సకు మూలస్తంభములైన రిఫాంపిసిన్, ఐసోనియజిడ్ అను మందుల తీరు ఇందుకు విపరీతము. అన్నము జీర్ణాశయములో నిండియున్నప్పుడు ఇవి ప్రేగులకు ఆలస్యముగా దిగును, ఇంకునది తగ్గును, రక్తములో వీని శిఖరమట్టము పడిపోవును. క్షయక్రిమి మొండిది, మందు చాలినంత ఎత్తునకు చేరనిచో అది చావక మిగులుటయు, మిగిలినది మందుకు లొంగని దగుటయు గలదు. కావుననే భోజనమునకు గంట ముందుగాని, రెండు గంటల పిమ్మటగాని వేసికొనుట మేలని వైద్యులు చెప్పుదురు. కడుపులో త్రిప్పుట భరింపరానిదైనచో వైద్యుని యడిగి కొద్దిపాటి ఆహారముతో వేసికొనుట, మానివేయుటకంటె వేయి రెట్లు మేలు.

ఐసోనియజిడ్ మరొక విధముగను ఆహారముతో ముడిపడియున్నది. అది బి6 విటమినును పట్టుకొని మూత్రముతో వెళ్లగొట్టును. పోషణ కొరవడిన వారికిని, మద్యపానమునకు అలవడిన వారికిని, గర్భిణులకును ఈ నష్టము అరికాళ్ల మంటలుగా, తిమ్మిరులుగా బయటపడును. పిరిడాక్సిన్ మాత్రను తోడుగా ఇచ్చుట అందుకొరకే. మరియు నిలువచేయుటలో చెడిన కానాగంత వంటి సముద్రపు చేపలలో హిస్టమిన్ పేరుకొనును. దానిని విరుచు ఎంజైమును ఐసోనియజిడ్ అడ్డగించుటచే, ఆ చేపలను తిన్న రోగికి ముఖము ఎఱ్ఱబారి, తలనొప్పియు గుండెదడయు కలుగవచ్చును.

మన వంటింటి మిరియమునకు ఈ కథలో నొక విశిష్టస్థానము గలదు. మిరియములోని పైపెరిన్ ప్రేగుగోడలోని కావలిని కొంత సడలించి మందును హెచ్చుగా లోనికి పోనిచ్చునని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాలలో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ జ్ఞానము ఫలితముగా 2009లో, 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌ను మాత్రమే 10 మిల్లీగ్రాముల పైపెరిన్‌తో కలిపిన రిసోరిన్ అను మందు మనదేశములో అనుమతి పొందినది. దీనిని విని మిరియాలచారు త్రాగి మోతాదు తగ్గించుకొనరాదు; కొలిచి కూర్చిన పైపెరిన్ వేరు, చారులోని మిరియపుపొడి వేరు.

సున్నము పట్టు, ఇనుము పట్టు

భీమవరములో 1895లో జన్మించి, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, 1948లో లోకమునకు వెల్లడియై, టెట్రాసైక్లిన్ల వంశమునకు ఆద్యమైనది. పెక్కు రోగములను జయించిన యీ వంశమునకు ఒక బలహీనత గలదు: కాల్షియము, ఇనుము, అల్యూమినియము ఎదురైనచో ఈ మందు వానితో పెనవేసికొని, కరగని ముద్దయై, ప్రేగుగోడను దాటలేక మలముతో వెళ్లిపోవును. పాలతో టెట్రాసైక్లిన్ వేసికొనరాదనుటకు కారణమిదియే. సిప్రోఫ్లాక్ససిన్ సైతము ఇట్టిదే. డాక్సీసైక్లిన్‌కు పాలవలన నష్టము తక్కువయైనను, ఇనుపమాత్రలతో దానికిని పొసగదు.

ఆవుపాలలో నూరు గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియముండగా, రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా నుండును. జ్వరముతో నున్నవానికి బలమని రాగిజావ ఇచ్చుట మంచిదే. కాని యీ యాంటీబయాటిక్ మాత్రను ఆ జావతోనే మింగించుట మంచిది కాదు. రెండింటిని రెండు మూడు గంటలు ఎడముగా నుంచినచో, జావ బలమును జావయే ఇచ్చును, మందు పనిని మందే చేయును.

రక్తహీనతకు ఇచ్చు ఇనుపమాత్రల సంగతి ఇందుకు జోడు. టీలోని టానిన్లును, ధాన్యముల పొట్టులోని ఫైటేట్లును ఇనుమును పట్టివేయును; ఉసిరి, నిమ్మలలోని సి విటమిను దానిని విడిపించి ప్రేగుగోడను దాటించును. మాత్ర వేసికొని వెంటనే టీ త్రాగు గర్భిణికి, సర్కారు ఇచ్చిన ఇనుములో చాలభాగము అందదు.

ప్రత్యేక వివరణ: ఒక విటమినుతో మందుకు వైరము

ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిన కీర్తి గూడ సుబ్బారావుగారి బృందమునకే దక్కినది. ఆ విటమిను మన రక్తకణముల పెరుగుదలకు ఎంత యవసరమో, మలేరియా పరాన్నజీవికిని అంతే యవసరము. సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ చేయు పని, ఆ జీవి తనకు కావలసిన ఫోలేటును తయారుచేసికొని వాడుకొను మార్గమును రెండు చోట్ల మూసివేయుటయే. రోగికి దినమునకు 5 మిల్లీగ్రాముల వంటి పెద్ద మోతాదు ఫోలిక్ ఆమ్లమును ఇచ్చినచో, ఆ జీవి దానిని వాడుకొని బ్రతుకవచ్చును. మందు శక్తి సన్నగిల్లును. కావున ఈ రెండును కలసిరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించినది. మన దేశములో గర్భిణులకు ఇచ్చు ఇనుము-ఫోలిక్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లమును ఉండును. అంగడిలో దొరకు 5 మిల్లీగ్రాముల మాత్ర దీనికి పదింతలు. ఆకుకూరలలోని ఫోలేటునకు జడియనక్కరలేదు. ఈ హెచ్చరిక పెద్ద మోతాదు మాత్రలకే.

కావలి సడలినప్పుడు, కావలి బిగిసినప్పుడు

ప్రేగుగోడలోని చెక్‌పోస్టును ఆహారము ఎంతగా సడలింపగలదో లోకమునకు తెలిసినది యాదృచ్ఛికముగా. 1989లో కెనడా దేశీయుడు డేవిడ్ బెయిలీయును సహచరులును, ఫెలోడిపిన్ అను రక్తపోటు మందుతో మద్యము కలిసినప్పుడేమగునో పరీక్షించుచు, మద్యపు రుచి తెలియకుండుటకై గ్రేప్‌ఫ్రూట్ రసమును కలిపిరి. మందు రక్తములో అనుకొన్నదానికి పలు రెట్లు పెరిగినది. కారణమరయగా అపరాధి మద్యము కాదు, రసము. అందలి పదార్థములు ప్రేగుగోడలోని ఎంజైమును నిర్వీర్యము చేయుటయు, క్రొత్త ఎంజైము పుట్టువరకు ఒకటి రెండు దినములు ఆ ప్రభావము నిలుచుటయు తరువాత తేటపడినవి. ఆ పండునకు దగ్గరి బంధువైన మన పంపరపనసలోను అట్టి పదార్థములు గలవు. రక్తపోటుకును కొలెస్టరాలునకును కొన్ని మందులు వాడువారు, అవయవ మార్పిడి చేయించుకొన్నవారు, దీనిని గూర్చి తమ వైద్యుని అడుగుట వివేకము.

కావలిని బిగింపజేయు ఆహారమును గలదు. నిప్పులపై కాల్చిన మాంసమును కొన్ని దినములు తిన్నవారిలో ఫినాసిటిన్ అను నొప్పి మందు త్వరితముగా రూపుమారి, రక్తములో తగ్గిపోయినదని 1976లో అమెరికాలో ప్రకటించిరి. ఆ సంవత్సరమే, మాంసకృత్తులు హెచ్చుగా పిండిపదార్థములు తక్కువగా తిన్నవారిలో ఉబ్బసపు మందైన థియోఫిలిన్ శీఘ్రముగా విరుగుచున్నట్లు మరియొక పరిశోధన తెలిపినది. కాలేయపు ఎంజైములును మాంసకృత్తులే గనుక, వానిని నిర్మించు ముడిసరకు పళ్లెమునుండియే వచ్చును.

ఈ సీమకు అన్నిటికంటె ముఖ్యమైన యుదాహరణ పారాసిటమాల్‌ది. కాలేయము ఈ మందులో అధికభాగమును నిరపాయముగా వెలిపుచ్చును. స్వల్పభాగము మాత్రము ఒక విషపదార్థముగా మారును. గ్లూటథయోన్ అను రక్షకము దానిని తక్షణమే అణచివేయును. నిత్యము సారా త్రాగువానిలో ఆ విషమును పుట్టించు ఎంజైము పెచ్చుపెరుగును. దినములకొలది అన్నము లేనివానిలో, మాంసకృత్తులనుండి తయారు కావలసిన రక్షకము అడుగంటును. ఇప్పసారా త్రాగుచు, జ్వరముతో తిండి మాని, ఒళ్లునొప్పులకు గంటగంటకు పారాసిటమాల్ మింగువానియందు ఈ రెండును కూడివచ్చును. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దినమునకు 4 గ్రాములు మించరాదను హద్దు అట్టివానికి చాల హెచ్చు. వానికి మోతాదును వైద్యుడు తగ్గింపవలసియుండును.

ఆకలియే ఒక మందు మార్పు

ఇంతవరకు చెప్పినది ఒక పూట భోజనము చేయు మార్పు. ఏండ్లతరబడి చాలని తిండి చేయు మార్పు ఇంకను లోతైనది. దీనిని శోధించిన కీర్తిలో గొప్ప భాగము మన హైదరాబాదునకే దక్కవలెను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనాలయము, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. అచట డాక్టర్ కమలా కృష్ణస్వామిగారును వారి సహచరులును, పోషణలోపము గల పెద్దలలోను పిల్లలలోను మందులు ఎట్లు నడచుచున్నవో ఏండ్లకొలది కొలిచి చూచిరి. పాశ్చాత్యదేశములలో పుష్టిగల దేహములపై నిర్ణయించిన మోతాదులు మన బక్కదేహములకు సరిపోవునా అనునదే వారి ప్రశ్న.

వారు కనుగొన్న సమాధానము సరళరేఖవంటిది కాదు. లోపము స్వల్పముగానో మధ్యస్థముగానో ఉన్నప్పుడు పెద్దలలో కొన్ని మందులు మామూలుగానో, అంతకంటె వేగముగానో వెడలిపోవును. లోపము తీవ్రమై, కాళ్లు ముఖము నీరుపట్టిన దశలో కాలేయము అలసి, మందు దేహములో దీర్ఘకాలము నిలిచిపోవును. రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తు తగ్గినప్పుడు, దానిని అంటుకొని నిద్రాణముగా నుండవలసిన మందు విడివడి, ఒకవంక ప్రభావమును పెంచుచు, మరియొకవంక త్వరగా విసర్జింపబడుచుండును. కనుక బక్కవానికి మోతాదు తగ్గింపుడనియో పెంచుడనియో ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు; మందును బట్టియు, లోపపు తీవ్రతను బట్టియు నిర్ణయము మారవలెను.

ఋతువులు గూడ ఇందు పాలుపంచుకొనును. కీళ్లవాతమువలన గుండె కవాటములు చెడి, కృత్రిమ కవాటము అమర్చుకొన్న రోగి, రక్తము గడ్డకట్టకుండుటకై వార్ఫరిన్ వాడును. ఆకుకూరలలోని కె విటమిను ఆ మందుకు ఎదురుపని చేయును. వానలు పడి తోటకూర, మునగాకు, అడవిచిగుళ్లు విరివిగా దొరకు మాసములలో మందు శక్తి తగ్గుటకును, మండువేసవిలో ఆకు కరవైనప్పుడు హెచ్చి రక్తస్రావము కలుగుటకును అవకాశము గలదు. అట్టివాడు ఆకుకూర మానవలసిన పనిలేదు. ఏడాది పొడుగునను ఇంచుమించు ఒకే కొలతలో తినుటయు, రక్తపరీక్ష తప్పకుండుటయు వలయును.

గుర్తుంచుకొనదగినవి

• మలేరియా మాత్రలు: ఏదేని తిన్న పిమ్మటనే. ల్యూమిఫాంట్రిన్ గలవైనచో, కొంచెము నూనెగాని పాలుగాని తప్పక ఉండవలెను.
• క్షయ మాత్రలు: పరగడుపున, భోజనమునకు గంట ముందు.
• టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్: పాలు, రాగిజావ, ఇనుపమాత్రలకు రెండు మూడు గంటల ఎడముగా.
• ఇనుపమాత్ర: టీతో కాదు, నిమ్మరసముతోగాని ఉసిరితోగాని.
• థైరాయిడ్ మాత్ర: ఉదయమే నీటితో, కాఫీ, టీలకు అరగంటనుండి గంట ముందు.
• చక్కెరవ్యాధి మాత్రలు వాడువారు: ఉపవాసమునకు ముందు వైద్యుని సంప్రదింపక మోతాదును వేసికొనరాదు, చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.
• ఏ మందును గూడ సొంతముగా మానరాదు, పెంచరాదు.

పళ్లెము చికిత్సలో భాగము

మన వైద్యవిధానములో "భోజనానంతరము" అను మాట చీటీపై వ్రాయుట సులభము. కాని ఆ మాట భోజనమున్నదను నమ్మకముపై నిలిచినది. పంట ఇంటికి రాకమునుపే వానలు వచ్చి, వానలతో దోమలు వచ్చి, జ్వరమును ఆకలియు ఒకే మాసమున గూడెములలో దిగు నీ సీమలో ఆ నమ్మకము తరచు తప్పును. జార్ఖండులో క్షయరోగుల కుటుంబములకు నెలనెల ఆహారమిచ్చి జరిపిన, 2023లో ప్రకటితమైన రేషన్స్ పరిశోధనలో, ఆ కుటుంబీకులలో క్రొత్తగా క్షయ పుట్టుట సుమారు 39 శాతము తగ్గినది; మొదటి రెండు మాసములలో అయిదు శాతము బరువు పెరిగిన రోగులలో మరణాపాయము 61 శాతము తగ్గినది. క్షయరోగులకు పోషణ నిమిత్తము ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలను, 2024 నవంబరునుండి 1000 రూపాయలను ఇచ్చుట ఈ సత్యమును గుర్తించిన చర్యయే.

అంతమాత్రము చాలదు. మలేరియా మాత్రలతోపాటు వానిని వాడు దినములకు సరిపడు నూనెయు పిండియు ఇచ్చుట పెద్ద వ్యయము కాదు. ఏ మందును ఏ ఆహారముతో వేసికొనవలెనో కోయభాషలో, అంబలి వేళను, అన్నము వేళను గుర్తుగా జెప్పి వివరించుట అసాధ్యము కాదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రోగి బరువును, అతడు నిన్నటినుండి తిన్నదానిని చీటీపై వ్రాయుటకు నిమిషము పట్టదు. మందు ఖర్చును ప్రజలే పన్నుల రూపమున భరించుచున్నారు. ఆ మందు దేహమునకు చేరకుండ ప్రేగులలోనే వ్యర్థమగుట ధననష్టము, కాలనష్టము, కొన్నిచోట్ల ప్రాణనష్టము. కావున చికిత్సకు పూనుకొన్న ప్రతి వైద్యుడును మోతాదును నిర్ణయించుటకు ముందు రోగి యేమి తిన్నాడో అడిగి తెలిసికొనుట, అతనికి తిండి లేనిచో దానిని సమకూర్చు బాధ్యతను గూడ చికిత్సలో భాగముగా ప్రభుత్వము స్వీకరించుట, ఈ విజ్ఞానము మనకు విధించుచున్న ప్రథమ కర్తవ్యము.